కండువాకి అవతల

జూలై 31, 2025, గురువారం

సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. బీఆర్‌ఎస్ గుర్తు మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్ళిన పదిమంది తెలంగాణ ఎమ్మెల్యేల మీద ఉన్న అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌ను ఆదేశించింది. 2020లో మణిపూర్ కేసులోనూ ఇదే కోర్టు మూడు నెలల గడువు మాటే చెప్పింది. స్పీకర్ కూడా ఒక పార్టీ మనిషే కాబట్టి ఈ పనిని స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే విషయం పార్లమెంటు ఆలోచించాలని కూడా సూచించింది. ఐదేళ్ళు దాటింది. ఆ సూచన కాగితం దాటలేదు.

రాత్రి హైదరాబాద్ నుంచి పాత సహోద్యోగి ఫోన్ చేశాడు. బీఆర్‌ఎస్ అంటే ప్రాణమిచ్చే మనిషి. "చూశారా మాష్టారూ, న్యాయం గెలిచింది" అన్నాడు. నాకూ సంతోషమేనన్నాను. మరి 2019 జూన్‌లో కాంగ్రెస్‌కున్న పద్దెనిమిది మందిలో పన్నెండు మంది టీఆర్‌ఎస్‌లో, అంటే ఇప్పటి బీఆర్‌ఎస్‌లో, కలిసినప్పుడు ఓటరు సంగతేమిటని అడిగాను.

"అది విలీనం మాష్టారూ. చట్టప్రకారం జరిగింది. ఇది ఫిరాయింపు."

చట్టం వరకు అతని మాట నిజమే. మూడింట రెండు వంతులు కలిసి వెళితే రాజ్యాంగం పదో షెడ్యూలు దాన్ని విలీనం అంటుంది. ఒక్కడు గోడ దూకితే తప్పు, పన్నెండు మంది కలిసి దూకితే ఒప్పు. కానీ గుర్తు చూసి ఓటేసిన మనిషికి ఆ రెండింటికీ తేడా ఏముంది? ఫోన్ పెట్టేముందు అతను, "మీకు అర్థం కాదులెండి, మీరు ఏ పార్టీ కాదు" అన్నాడు. నేను ఏ పార్టీ కాకపోవడం వల్లే ఈ రెండు తేదీలూ నాకు పక్కపక్కన కనిపిస్తున్నాయి.

ఆగస్టు 3, ఆదివారం

"నియోజకవర్గ అభివృద్ధి కోసమే."

కండువా మార్చిన ప్రతి ఎమ్మెల్యే నోటా ఇదే మాట. 2014లో వైఎస్సార్‌సీపీ తరఫున గెలిచిన అరవై ఏడు మందిలో ఇరవై మూడు మంది ఆ ఐదేళ్ళలో తెలుగుదేశంలోకి వెళ్ళినప్పుడు విన్నాను. వాళ్ళలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు. ఇప్పుడు తెలంగాణలోనూ అదే వింటున్నాను.

అందరూ ఈ మాటను అబద్ధమని కొట్టిపారేస్తారు. నాకు మాత్రం అందులో ఉన్న నిజమే భయం పుట్టిస్తోంది. ప్రతిపక్షంలో ఉంటే రోడ్డు పడదని, మంచినీళ్ళ పైపు రాదని, ముఖ్యమంత్రి సహాయనిధి చెక్కు కదలదని ఆ ఎమ్మెల్యే చెప్పకనే చెబుతున్నాడు. అది ఒక్క మనిషి బలహీనత కాదు, ప్రభుత్వం మీద చేసిన ఫిర్యాదు. ఎదుటి పార్టీని గెలిపించిన ఊరు కూడా పన్ను కడుతుంది. అక్కడి పిల్లలకూ జ్వరాలొస్తాయి. ఆ ఊరికి దక్కవలసిన డబ్బును పార్టీకి ముడిపెట్టి, ఆ తరువాత గోడ దూకినవాణ్ణి ఒక్కణ్ణే తిట్టుకుంటే ఏం లాభం?

ఆగస్టు 10, ఆదివారం

చెల్లెలిగారి ఊరు వెళ్ళాను. పంచాయతీ ఆఫీసు అరుగు మీద వాన తగ్గేదాకా కూర్చున్నాను. చూరు నీళ్ళు పడే మూల గోడకి పెచ్చులు లేచాయి. పైన కొత్త తెలుపు, దాని కింద పాత తెలుపు, ఆ కింద ఆకుపచ్చా నీలం, ఇంకా లోపల పసుపు. వేలితో తడిమితే ఒక్కో పొరా విడివిడిగా తెలుస్తోంది. అదే గోడకి కిటికీ చెక్క పుచ్చిపోయి ఉంది. రంగులు వేసిన ఎవరూ కిటికీ జోలికి పోలేదు.

పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేయడం చెల్లదని 2020 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఆ మాటే నిలబడింది. వేయడానికీ, తీయడానికీ అయిన ఖర్చు మాత్రం పంచాయతీదే.

చట్టప్రకారం సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు లేదు. ఉంగరం, కత్తెర, బ్యాట్ లాంటి గుర్తులిస్తారు. ఊరి పని ఊరివాళ్ళుగా చూసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఫలితాల మర్నాడు పేపర్లో "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థులు ఇందరు" అని పట్టిక వస్తుంది. చట్టం తలుపేసినచోట మనమే కిటికీలోంచి పార్టీని లోపలికి తెచ్చుకున్నాం.

ఆగస్టు 16, శనివారం

రెండు ఆగస్టు పదహార్లు.

1984లో ఇదే రోజు గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. నేను అప్పుడు ఉద్యోగంలో కొత్త. కాంగ్రెస్ ఇళ్ళలో కూడా "ఇది అన్యాయం" అన్నవాళ్ళను చూశాను. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి కర్ణాటక తీసుకెళితే అక్కడి జనతా ప్రభుత్వం ఆశ్రయమిచ్చింది. దేశంలోని ప్రతిపక్షాలన్నీ కలిసి నిలబడ్డాయి. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, ఎన్టీఆర్ మళ్ళీ ప్రమాణం చేశారు. ఆ మరుసటి ఏడాదే ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఆ నెల రోజులు పార్టీకి కట్టుబడి ఉండటమంటే ఓటరుకు కట్టుబడి ఉండటమే. ఆ రెండూ ఒకటైనప్పుడు పార్టీ విధేయత ఎంత విలువైనదో నేను కళ్ళారా చూశాను.

1969లో ఇదే రోజు రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, పోటీలో వి.వి. గిరి. సొంత పార్టీ అభ్యర్థి బరిలో ఉండగా ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. గిరి గెలిచారు. కొన్ని నెలలకే కాంగ్రెస్ రెండుగా చీలింది. అంతరాత్మ అనే పెద్ద మాట ఆ రోజు ఒక వర్గం ఇంకో వర్గం మీద వాడిన ఆయుధమైంది.

అందుకే పార్టీని ధిక్కరించినవాడల్లా ప్రజల మనిషని నేను అనను. పార్టీని అంటిపెట్టుకున్నవాడల్లా బానిస అనీ అనను. ఎవరి కోసం నిలబడ్డాడు, ఎవరి కోసం కదిలాడు అన్నదే నాకు కావాలి.

ఆగస్టు 18, సోమవారం

పల్లెవెలుగు బస్సు. మొన్న పదిహేనో తారీఖు నుంచి మన దగ్గర కూడా ఆడవాళ్ళకు టికెట్ లేదు. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబర్‌లో మొదలైంది. అక్కడ పెట్టింది కాంగ్రెస్ ప్రభుత్వాలు, ఇక్కడ ఎన్డీయే ప్రభుత్వం. కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్ కొట్టిస్తున్నాడు. మిరప మొక్కల బుట్ట కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒక పెద్దామె ఆ కాగితాన్ని మడిచి పర్సులో దాచుకుంది.

"పారెయ్యొచ్చు గదమ్మా, డబ్బులియ్యలేదు గదా" అంది పక్కనామె.

"ఉండనీలే, నా పేరు మీద వచ్చింది."

వెనక సీట్లో ఇద్దరు మగవాళ్ళు ఈ పథకం ఎవరిని చూసి ఎవరు పెట్టారని బస్సు దిగేదాకా కొట్టుకున్నారు. మంచి పని ఎక్కడ కనిపించినా తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? ఆర్టీసీ దగ్గర బస్సులు సరిపడా ఉన్నాయా, ఆ లోటు ప్రభుత్వం నెలనెలా కడుతుందా అన్న ప్రశ్నల మీద వాళ్ళు కొట్టుకుని ఉంటే నేనూ ఒక మాట కలిపేవాణ్ణి.

ఆగస్టు 22, శుక్రవారం

పుచ్చలపల్లి సుందరయ్య గారి రాజీనామా లేఖ మళ్ళీ చదివాను. ఎమర్జెన్సీ పెట్టిన కొత్తల్లో, 1975లో, ఆయన సీపీఎం ప్రధాన కార్యదర్శి. ఎమర్జెన్సీని ఎదిరించడానికైనా సరే జనసంఘ్‌తో కలిసి పనిచేయడం పొరపాటని ఆయన అభిప్రాయం. పార్టీ నాయకత్వం ఒప్పుకోలేదు. ఆ కారణంతో పాటు మరికొన్ని విభేదాలు రాసి పదవి వదిలేశారు. పార్టీని వదల్లేదు. ఇంకో జెండా ఎత్తలేదు. 1978లో గన్నవరం నుంచి అదే పార్టీ తరఫున గెలిచి అసెంబ్లీకి వచ్చారు.

ఆయన నిర్ణయం ఒప్పా తప్పా అన్నది వేరే చర్చ. పదవి కన్నా అభిప్రాయం పెద్దదనుకోవడం, అభిప్రాయం కన్నా పార్టీలో పనిచేయడం పెద్దదనుకోవడం, ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు పి. జనార్దనరెడ్డి కూడా గుర్తొచ్చారు. పోతిరెడ్డిపాడు విస్తరణ మీద సొంత ముఖ్యమంత్రి వైఎస్‌ను బాహాటంగా ఎదిరించారు. రాయలసీమ రైతుకి ఆ కాలువ జీవనాడి. నేను ఆ రైతు వైపే. అయినా తన ప్రాంతం నష్టపోతుందని నమ్మినవాడు సొంత ప్రభుత్వం ముందు నోరు మూసుకోలేదు. నాతో ఏకీభవించని మనిషిలో కూడా ఈ గుణాన్ని గౌరవించకపోతే ఇక నేను దేన్ని గౌరవిస్తున్నట్టు?

ఆగస్టు 27, బుధవారం. వినాయక చవితి

మా వీధికి ఈసారి రెండు పందిళ్ళు. నిరుటిదాకా ఒకటే. ఒకదానికి ఒక నాయకుడి ఫ్లెక్సీ, ఇంకోదానికి ఇంకో నాయకుడిది. పత్రి ఒకే తోటలోంచి వచ్చింది. పురోహితుడు కూడా ఒక్కడే, అటు పూజ ముగించి ఇటు వచ్చాడు. పిల్లలకు ఈ గొడవ తెలియదు. రెండుచోట్లా ప్రసాదం తిన్నారు.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఉపాధ్యాయ దినోత్సవానికి పిలిస్తే ఒక ఉన్నత పాఠశాలకు వెళ్ళాను. నీళ్ళు వచ్చే మరుగుదొడ్లు, తాగునీటి ప్లాంటు, గ్రీన్ చాక్‌బోర్డులు. 2019 నవంబర్‌లో మొదలైన నాడు-నేడు పథకంలో వచ్చినవి. నేను చాకిరీ చేసిన రోజుల్లో ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు, బయటికి వెళ్ళాల్సి వస్తుందని. ఆ మరుగుదొడ్లను చూసి నా మనసు నిండిపోయింది. కట్టించింది ఏ పార్టీ అయితే నాకేం?

పెరటివైపు రెండు గదులు గోడల దాకా లేచి ఆగిపోయాయి. స్తంభాల మీద ఇనప చువ్వలు తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. రెండో విడత పనులట. పాత ప్రభుత్వం చివర్లో బిల్లులు ఆగాయి, కొత్త ప్రభుత్వం వచ్చాక పని ఆగింది. కాంట్రాక్టరు రాడు. ఎనిమిదో తరగతి వేపచెట్టు కింద నడుస్తోంది.

ఇదే చోట ఒక మంచిమాట కూడా రాయాలి. ఇప్పటి ప్రభుత్వం పిల్లలకిచ్చే కిట్లకు సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరు, మధ్యాహ్న భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. బ్యాగుల మీద నాయకుల బొమ్మలు, పార్టీ రంగులు తీసేసింది. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాడి పార్టీ, కులం అడగకుండా అన్నం పెట్టిన తల్లి పేరు పిల్లల పళ్ళేనికి తగిన పేరు. ఈ ఒక్క పద్ధతి రాబోయే ప్రభుత్వాలన్నీ నిలబెడితే చాలు.

ఆ రెండు గదులు కూడా పూర్తిచేయండి. ఆ పిల్లలు ఎవరికీ ఓటేయలేదు.

సెప్టెంబర్ 17, బుధవారం

వావిలాల గోపాలకృష్ణయ్య గారి పుట్టినరోజు. 1906లో ఇదే రోజు సత్తెనపల్లిలో పుట్టారు. 1952 నుంచి 1967 దాకా జరిగిన నాలుగు ఎన్నికల్లోనూ సత్తెనపల్లి ఆయన్నే పంపింది. అందులో ఇండిపెండెంట్‌గా గెలిచిన ఎన్నికలూ ఉన్నాయి. ఖద్దరు బట్టలు, భుజాన గుడ్డసంచీ. మా నాన్నగారు కాంగ్రెస్ మనిషి. ఓటు మాత్రం వావిలాలకే. ఎందుకని అడిగితే, "నందికొండ ప్రాజెక్టు కోసం తిరిగిన మనిషిరా. ఆయనకి ఓటెయ్యకపోతే ఆ నీళ్ళు తాగే హక్కు నాకుందా" అనేవారు.

ఆ నందికొండ ప్రాజెక్టే నాగార్జునసాగర్. అది ఒక్క పార్టీ ఇచ్చిన కానుక కాదు. ముక్త్యాల రాజా లాంటి జమీందారు, వావిలాల లాంటి గాంధేయవాది, ఇంకా ఎందరో పట్టుబట్టారు. నెహ్రూ 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన చేశారు. ఆ తరువాత వచ్చిన ఏ ముఖ్యమంత్రీ "ఇది నేను మొదలుపెట్టలేదు" అని ఆపలేదు. పదేళ్ళు దాటాక కాలువలకు నీళ్ళు వచ్చాయి. ఇవాళ పల్నాటి పొలాల్లో ఉన్న పచ్చదనమంతా ఆ ఓపిక ఫలితం.

ఆనకట్టకి పదేళ్ళు కావాలి. బడికి ఒక తరం కావాలి. రాజధానికి ఇంకా ఎక్కువ. మన రాజకీయం మాత్రం ఐదేళ్ళకోసారి మొదటికొస్తోంది. అమరావతికి 2015 అక్టోబర్‌లో ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు. ఈ ఏడాది మే 2న పనుల పునఃప్రారంభం. రెండుసార్లూ వచ్చింది ఒకే ప్రధాని. రాజధాని ఎక్కడుండాలన్న దాని మీద నిజాయితీగా భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. కానీ ల్యాండ్ పూలింగ్‌లో పొలమిచ్చిన రైతుతో సంతకం చేయించుకుంది పార్టీ కాదు, ప్రభుత్వం. ప్రభుత్వం ఇచ్చిన మాట ముఖ్యమంత్రి మారగానే రద్దయితే, రేపు ఏ రైతు ఏ ప్రభుత్వాన్ని నమ్మి సంతకం పెడతాడు?

సెప్టెంబర్ 21, ఆదివారం

అసెంబ్లీ సమావేశాలు నడుస్తున్నాయి. ప్రతిపక్షం కుర్చీలు ఖాళీ. పదకొండు మందే గెలిచినా తమ నాయకుడికి ప్రతిపక్ష నేత హోదా ఇవ్వాలని వైఎస్సార్‌సీపీ పట్టు. సభ్యుల్లో పదోవంతు ఉంటేనే హోదా అని ప్రభుత్వం మాట. 2021 నవంబర్‌లో తన కుటుంబాన్ని కించపరిచారని చంద్రబాబు గారు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని చెప్పి సభ నుంచి వెళ్ళిపోయారు. 2017 చివర్లో, ఫిరాయించినవాళ్ళ మీద చర్య లేదని వైఎస్సార్‌సీపీ సభనే వదిలేసింది. పక్క రాష్ట్రంలో కేసీఆర్ గారు సభకు రావడమే అరుదు.

ప్రతిదానికీ ఒక కారణం ఉంది. కొన్ని కారణాల్లో నిజమైన గాయమూ ఉంది. కానీ ఆ కుర్చీ నాయకుడి సొత్తు కాదు. ఎమ్మెల్యే సభకు వెళ్ళకపోతే ఆ నియోజకవర్గం తరఫున బడ్జెట్ మీద ఒక్క ప్రశ్న కూడా పడదు. మిర్చి ధర పడిపోయిందని, పీహెచ్‌సీలో డాక్టరు లేడని ఎవరు అడగాలి? ప్రెస్‌మీట్‌లో వేసిన ప్రశ్నకి మంత్రి జవాబు చెప్పనక్కరలేదు. సభలో వేస్తే చెప్పి తీరాలి. నాయకుడి గౌరవం కోసం ఊరి ప్రశ్నను ఇంట్లో వదిలేయడం ఏ విధంగానూ త్యాగం కాదు.

అక్టోబర్ 12, ఆదివారం

నిన్న కళ్ళ పరీక్షకి గుంటూరు వెళ్ళి అన్న క్యాంటీన్‌లో తిన్నాను. ఐదు రూపాయల టోకెన్. అన్నం, కూర, సాంబారు, పెరుగు, పచ్చడి. నా ముందు ఆటో డ్రైవరు, వెనక ఆస్పత్రిలో చేర్చిన భార్యకు తోడుగా వచ్చిన రైతు. రైతు మారు అన్నం అడగబోయి మొహమాటపడి ఆగిపోయాడు. వడ్డించే అమ్మాయి అది చూసి, "సాంబారు ఇంకా ఉంది బాబాయ్" అని గరిటె ముంచింది.

ఇవి 2018 జూలైలో మొదలయ్యాయి. 2019లో ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి. 2024 ఆగస్టు 15 నుంచి మళ్ళీ తెరిచారు. ఆ ఐదేళ్ళు ఈ రైతు లాంటివాడు ఆస్పత్రి గేటు దగ్గర ఏం తిన్నాడో ఏ పార్టీ ఆఫీసులోనూ లెక్క ఉండదు. పేరు నచ్చకపోతే మార్చుకోవలసింది. పొయ్యి ఎందుకు ఆర్పాలి?

తమిళనాడులో ద్రావిడ పార్టీల వైరం మన వైరానికి ఏం తీసిపోదు. జయలలిత 2013లో అమ్మ క్యాంటీన్లు పెట్టారు. 2021 మేలో డీఎంకే గెలవగానే చెన్నైలో ఒకచోట ఆ పార్టీవాళ్ళు బోర్డులు పీకేశారు. ఇంకా ప్రమాణ స్వీకారం కూడా చేయని స్టాలిన్ ఆ బోర్డులు మళ్ళీ పెట్టించి, పీకినవాళ్ళ మీద చర్య తీసుకున్నారు. అక్కడ బడి భోజనం కథ ఇంకా పాతది. కామరాజ్ మొదలుపెట్టింది ఎంజీఆర్ 1982లో పెద్దది చేశారు. కరుణానిధి వచ్చి గుడ్డు చేర్చారు. స్టాలిన్ 2022లో పొద్దుటి టిఫిన్ కలిపారు. ఒకరంటే ఒకరికి పడని మనుషులు ఒక పిల్లవాడి పళ్ళెం దగ్గర ఒకరి పనిని ఒకరు ముందుకు తీసుకెళ్ళారు.

మనకీ ఆ అలవాటు లేకపోలేదు. 1983లో ఎన్టీఆర్ పెట్టిన రెండు రూపాయల బియ్యం తరువాత ప్రభుత్వాల్లో ధర పెరిగితే, కాంగ్రెస్ ముఖ్యమంత్రి వైఎస్ 2008లో మళ్ళీ రెండుకి తెచ్చారు. ఇంకో కాంగ్రెస్ ముఖ్యమంత్రి 2011లో రూపాయి చేశారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు వైఎస్సార్‌కీ ఎన్టీఆర్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది, కానీ పథకం చావలేదు. 108కి ఫోన్ చేస్తే ఏ ప్రభుత్వంలోనైనా బండి వస్తుంది. ఈ మూడింటినీ ఎవరూ ఎందుకు ఆపలేకపోయారు? జనం వాటిని పార్టీ ఇచ్చిన దయగా చూడటం మానేసి, తమ హక్కుగా చూశారు. ఇదొక్కటే దారి అనిపిస్తోంది.

అక్టోబర్ 31, శుక్రవారం

సుప్రీంకోర్టు ఇచ్చిన మూడు నెలల గడువు ఇవాళ్టితో అయిపోయింది. పదిమంది సంగతీ తేలలేదు.

స్పీకర్ కుర్చీ గురించి ఆలోచిస్తే మళ్ళీ సంజీవరెడ్డే వచ్చి నిలబడుతున్నారు. 1967 మార్చిలో లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికవగానే ఆయన కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. చట్టం అడగలేదు. సభలో ప్రతి సభ్యుడూ తనను నమ్మాలంటే తాను ఏ గుంపులోనూ ఉండకూడదనుకున్నారు. అంతకుముందు 1964లో, కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యలకు ముఖ్యమంత్రి పదవే వదిలేశారు.

2008లో కేంద్ర ప్రభుత్వం విశ్వాస పరీక్షకు ముందు, సోమనాథ్ చటర్జీని లోక్‌సభ స్పీకర్ పదవికి రాజీనామా చేయమని ఆయన పార్టీ సీపీఎం అడిగింది. స్పీకర్ పార్టీ ఆదేశం వినడని ఆయన కుర్చీలోనే ఉన్నారు. విశ్వాస పరీక్ష ముగిసిన మర్నాడే పార్టీ ఆయన్ను బహిష్కరించింది. దశాబ్దాల జెండా ఒక్కరోజులో పోయింది. సభ మర్యాద నిలిచింది.

చట్టానికి ఇంకో వైపు కూడా రాసిపెట్టుకుంటాను. విప్ ఉంటే ఎమ్మెల్యే మనసుకి వ్యతిరేకంగానైనా చెయ్యెత్తాలి. ప్రభుత్వం నిలుస్తుందా పడుతుందా అన్న ఓటింగుకే విప్ పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే చెప్పింది. గోడ దూకేవాణ్ణి ఆపలేకపోయిన చట్టం సభలో నిజం చెప్పాలనుకున్నవాడి నోరు మాత్రం కట్టేస్తోంది. ఈ ఒక్క సవరణ కోసం అన్ని పార్టీల కార్యకర్తలూ సొంత నాయకుల్ని అడిగితే ఎంత బాగుండు.

నవంబర్ 9, ఆదివారం

తమ్ముడి కొడుక్కి పద్దెనిమిది నిండాయి. ఓటు నమోదుకి ఫారం నింపుతూ అడిగాడు.

"పెదనాన్నా, మన ఇల్లు ఏ పార్టీ?"

"ఇంటికి పార్టీ ఏంట్రా?"

"అందరి ఇళ్ళకీ ఉంది. హాస్టల్లో ఇంటిపేరు అడుగుతారు. చెప్పగానే నువ్వు ఫలానా పార్టీ గదా అంటారు. కాదంటే నవ్వుతారు."

ఇంటిపేరులోంచి కులం, కులంలోంచి పార్టీ. మూడు ప్రశ్నల్లో ఒక కుర్రాడి ఓటు వాడు వేయకముందే పడిపోయింది. వాడి ఫోన్‌లో ఇరు పక్షాల మీమ్స్ చూపించాడు. ఆడవాళ్ళ మీద రాసిన రాతలు చదవలేక ఫోన్ తిరిగిచ్చేశాను. పార్టీ కోసం ఇంత దూరం వెళ్ళిన పిల్లల మీద రేపు కేసు పడితే నాయకుడు రాడు, తల్లే కోర్టు చుట్టూ తిరుగుతుంది.

వాడికి ఒక్కటే చెప్పాను. "నీకు పార్టీ ఉండొచ్చు. చేరు, జెండా పట్టుకో, పనిచెయ్. పార్టీలు లేకపోతే డబ్బున్నవాడో, కర్రున్నవాడో గెలుస్తాడు. కానీ నీ పార్టీ అధికారంలో ఉన్నప్పుడే ఎక్కువ ప్రశ్నలు అడుగు. వాళ్ళు నీ మాట వింటారు. ఎదుటివాళ్ళు ఎటూ వినరు."

వాడు ఫారం మీద సంతకం పెడుతూ, "ఇలా చెబితే నన్ను పార్టీలో ఉండనిస్తారా?" అన్నాడు. జవాబు నేను ఇవ్వలేదు. అది పార్టీలు ఇవ్వాలి.

నవంబర్ 25, మంగళవారం

1949లో ఇదే రోజు అంబేడ్కర్ రాజ్యాంగ సభలో చివరి ప్రసంగం చేశారు. పార్టీలు దేశం కన్నా తమ మతాన్ని, సిద్ధాంతాన్ని పైన పెట్టుకుంటే వచ్చిన స్వాతంత్ర్యం మళ్ళీ చేజారుతుందని హెచ్చరించారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు, రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ చివరికి నియంతృత్వానికీ దారితీస్తుందన్నారు. పాలాభిషేకాల ఫొటోలు రోజూ చూస్తున్న మనకు ఆయన మాట ఇవాళ్టిదే.

ఎమ్మెల్యే ప్రమాణం తీసి చదివాను. రాజ్యాంగానికి విధేయత, దేశ సార్వభౌమత్వం, సమగ్రతల రక్షణ, చేపట్టే విధుల నిర్వహణ. అంతే. పార్టీ అన్న మాట అందులో ఎక్కడా లేదు. నాయకుడి పేరూ లేదు. టికెట్ ఇచ్చింది పార్టీయే, ఖర్చు చూసింది పార్టీయే, సరే. కానీ ప్రమాణం చేసింది మాత్రం మనకి.

వచ్చే ఏడాది పంచాయతీల పదవీకాలం ముగుస్తుంది. మా వీధికి కూడా వాళ్ళొస్తారు. ఎవరొచ్చినా కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి రెండు ప్రశ్నలు అడుగుతాను. పోయినసారి ఎదుటివాళ్ళు మొదలుపెట్టిన పనుల్లో నువ్వు పూర్తిచేసేది ఏది? మీవాళ్ళు చేసినవాటిలో నువ్వు తప్పనుకునేది ఏది? రెండింటికీ పేరుపెట్టి జవాబు చెప్పినవాడికి నా ఓటు. వాడు ఏ పార్టీ అయినా సరే. మా తమ్ముడి కొడుక్కీ ఇదే చెప్పాను. వాడు ఆ బడి వెనక ఆగిపోయిన రెండు గదుల సంగతి మూడో ప్రశ్నగా చేర్చాడు. బాగుంది. ముందు అదే అడుగుతాం.